అంబాసిడర్ రేడియేటర్: పసుపు ముద్ద నుంచి కొత్త కోరు దాకా

బండి 1994 నాటి అంబాసిడర్ నోవా డీజిల్, మా నాన్నగారు కొన్నది. 1489 సీసీ ఇంజన్, నీళ్ల పంపు పుల్లీకే బిగించిన ఫ్యాను, రాగి కోరు (రాగి రేకుల మధ్య నీళ్ల గొట్టాలు నిలువుగా ఉండే రేడియేటర్ మధ్యభాగం), పైనా కిందా ఇత్తడి ట్యాంకులు. నిరుడు వేసవిలో మూడుసార్లు మరిగింది. మూడుసార్లూ కారుతున్న చోట మాటు వేయించి తెచ్చుకున్నాం. ఈ వేసవికి ముందే సంగతి తేల్చాలని మార్చిలో పని మొదలుపెట్టాను. పద్మినీ కారూ, పాత జీపూ ఉన్నవాళ్లకు కూడా ఇందులో చాలా భాగం పనికొస్తుంది. నేను చేసిన తప్పులు మరొకరు చేయకూడదని వాటినే ఎక్కువగా రాశాను.

మొదటి దశ: దింపకముందు కొలతలు (మార్చి 8, 9)

దూరం నుంచి వేడి చూపించే ఇన్‌ఫ్రారెడ్ థర్మామీటర్ ఒకటి కొన్నాను. విజయవాడ పటమటలో మా ఇంటి ముందే బండి నిలబెట్టి 20 నిమిషాలు ఇంజన్ నడిపాను. నీడలో 36 డిగ్రీలు. మీటరు ముల్లు ఎర్ర గీతకు ఆనుకుంది, మూత పక్కనుంచి ఆవిరి చిమ్ముతోంది. చేతిలోని థర్మామీటర్ మాత్రం థర్మోస్టాట్ (ఇంజన్ వేడెక్కాకే నీటిని రేడియేటర్‌లోకి వదిలే కవాటం) డబ్బా మీద 57 చూపిస్తోంది. డ్యాష్‌బోర్డు మీటరే చెడిందనుకుని దాని వైర్లూ సెన్సరూ విప్పి బిగించడంతో ఆ రోజంతా గడిచిపోయింది.

పొరపాటు నేను గురిపెట్టిన చోటులో ఉంది. మెరిసే లోహం తన వేడిని బయటికి సరిగ్గా వెలువరించదు, చుట్టూ ఉన్నవాటి వేడిని అద్దంలా తిప్పికొడుతుంది. వైరు బ్రష్‌తో తోమిన అల్యూమినియం డబ్బా, రంగు ఊడిన ఇత్తడి ట్యాంకు రెండూ అలాంటివే. మర్నాడు కరెంటు పనివాళ్లు వాడే నల్ల టేపు ముక్కలు అంటించి, వాటి మీద గురిపెట్టి మళ్లీ కొలిచాను.

పై ట్యాంకు: 98 డిగ్రీలు.
కింది ట్యాంకు: 60 డిగ్రీలు.
కోరు మీద ఎడమ నుంచి కుడికి, 5 సెంటీమీటర్లకు ఒకచోట: 46, 49, 71, 88, 86, 63, 85, 58, 47.

పైకీ కిందికీ 38 డిగ్రీల తేడా చూసి మొదట సంతోషించాను, రేడియేటర్ బాగా చల్లబరుస్తోంది కదా అని. అది కూడా తప్పే. గొట్టాల్లోకి దిగిన కొద్దిపాటి నీరు అక్కడే చాలాసేపు ఉండి బాగా చల్లారుతుంది. దిగలేని నీరు ఇంజన్‌లోనే ఉండి మరుగుతుంది. తేడా అంత ఎక్కువగా ఉందంటే నీరు పారడం లేదన్నమాట. రెండు అంచులూ చల్లగా ఉండటం కూడా అదే చెబుతోంది: అక్కడి గొట్టాల్లోకి వేడి నీరు రావడమే లేదు.

ఇప్పటిదాకా ఖర్చు: థర్మామీటర్ 1,150, టేపు 20. మొత్తం రూ. 1,170. గంటలు: 6.

రెండో దశ: దింపడం (మార్చి 15)

1. ఇంజన్ పూర్తిగా చల్లారాలి. మూత మీద అరచేయి నిబ్బరంగా ఆనించగలిగితేనే తిప్పండి. ఒత్తిడిలో ఉన్న నీరు 100 డిగ్రీలు దాటినా మరగకుండా ఉంటుంది. మూత తీసిన క్షణంలో ఒక్కసారిగా ఆవిరై మొహం మీదికి వస్తుంది.
2. కింది కుళాయి తిప్పి నీరు బకెట్‌లోకి పట్టాలి. నా బండిలో చుక్క కూడా రాలేదు. సన్నటి తీగతో పొడిస్తే కాఫీ రంగు బురద, దాని వెనకే నీరు వచ్చాయి. రేడియేటర్ నుంచి 3.1 లీటర్లు, ఇంజన్ బ్లాకు కుళాయి నుంచి 1.4.
3. హోస్ పైపులు విప్పాలి. బిగుసుకుపోయిన హోస్‌ను మెలిపెట్టి లాగవద్దు, ట్యాంకు మెడ పల్చటి ఇత్తడి, చిరిగిపోతుంది. పైదాన్ని పొడవునా కోసి తీశాను. కిందిది సులువుగానే వచ్చింది. రబ్బరు ఇంకా మెత్తగా ఉందని కడిగి దాచాను. ఈ సంగతి గుర్తుంచుకోండి, ఏప్రిల్ చివర్లో దీని దగ్గరికే తిరిగి రావలసి వచ్చింది.
4. పక్క బోల్టులకు ముందురోజు రాత్రే తుప్పు వదిలించే స్ప్రే కొట్టాలి. నేను గంట ముందు కొట్టాను. ఒకటి విరిగింది. దాన్ని డ్రిల్లుతో తీయడానికి పూట పట్టింది.
5. కోరుకూ ఫ్యానుకూ మధ్య అట్టముక్క దూర్చి, నిలువుగా పైకి ఎత్తాలి. అట్ట లేకపోతే ఫ్యాను రెక్క అంచు రాగి రేకులను గీరేస్తుంది.

దింపాక తూకం వేశాను: 11.4 కిలోలు.

ఆ తర్వాత చేసిన ఏర్పాటే ఈ పని మొత్తంలో నాకు అక్కరకొచ్చింది. 20 లీటర్ల ప్లాస్టిక్ డ్రమ్మును పిట్టగోడ మీద పెట్టి, అడుగున పెద్ద పైపు బిగించి, దాన్ని రేడియేటర్ పై మెడకు కలిపాను. కింది మెడ తెరిచి, డ్రమ్ములో పై గీత నుంచి 10 లీటర్లు దిగడానికి ఎంతసేపు పడుతుందో ఫోనులో చూశాను. డ్రమ్ము ఎత్తు, గీత, పైపు ప్రతిసారీ అవే ఉండాలి, లేకపోతే పోల్చడం కుదరదు.

10 లీటర్లకు: 71 సెకన్లు.

ఇప్పటిదాకా ఖర్చు: స్ప్రే 230, పైపు బిగింపులు 160 కలిపి రూ. 1,560. గంటలు: 13.

మూడో దశ: నిమ్మ ఉప్పు, చాకలి సోడా (మార్చి 16)

ఏళ్ల తరబడి ఈ రేడియేటర్‌లో పోసింది బోరు నీళ్లే. వాటిలోని సున్నం వేడికి గారగా పేరుకుంటుంది, కాఫీ కాచే గిన్నె అడుగున తెల్లగా పట్టినట్టే. పుల్లని దేనికైనా అది కరుగుతుంది. కిరాణా కొట్టులో కిలో నిమ్మ ఉప్పు తెచ్చి, 8 లీటర్ల వేడి నీటిలో 400 గ్రాములు కలిపి పోశాను. మెడ దగ్గర చెవి పెడితే సోడాబుడ్డిలా చిటచిటలాడే చప్పుడు. గంట తర్వాత వంపేసి, కడిగి, మళ్లీ ఒకసారి పోశాను. రెండోసారి చప్పుడు తగ్గింది.

పులుపు లోపల మిగిలితే మాటును తినేస్తుంది. అందుకని చాకలి సోడా కలిపిన నీళ్లు పోసి ఊపి వంపాను. బకెట్‌లోకి ఎర్రటి నీళ్లు వచ్చాయి. తుప్పు రంగు నాకు తెలుసు, ఇటుక పొడిలా ఉంటుంది. ఇది అలా లేదు, పెళ్లికూతురి పాదాలకు పెట్టే పారాణి రంగు. రాగి కరిగిపోతోందేమోనని గుండె జారింది. వంపడం ఆపేసి బకెట్ పట్టుకుని నిలబడిపోయాను.

అమ్మ గడపలోంచి చూసి, "అందులో పసుపు వేశారా నాయనా? సున్నం తగిలితే ఇలాగే ఎర్రబడుతుంది" అంది.

నిరుడు మే నెలలో గుంటూరు నుంచి వస్తుంటే మరిగినప్పుడు, దారిలో సాయానికి వచ్చిన లారీ డ్రైవరు ఒకాయన కారడం ఆగడానికి రెండు పొట్లాల పసుపు పోయడం అప్పుడు గుర్తొచ్చింది. ఆ రోజు ఇల్లు చేరామంటే ఆయన చలవే. పసుపు పొడి నీటిలో నాని ఉబ్బి, కారే సందులో ఇరుక్కుని దాన్ని మూసేస్తుంది. కానీ గొట్టం కూడా సందే. ఇంటికి రాగానే దాన్ని కడిగేయాలి. మేము పది నెలలు అలాగే తిరిగాం. చాకలి సోడా క్షారం కాబట్టి, సున్నం చేసే పనే అదీ చేసింది.

ఎర్ర నీళ్లు ఆగేదాకా పదకొండు సార్లు కడిగాను.

తూకం: 10.7 కిలోలు. అంటే 700 గ్రాముల గారా, బురదా, పసుపూ బయటికి పోయాయి.
10 లీటర్లకు: 58 సెకన్లు.

ఇంత కడిగితే తగ్గింది 13 సెకన్లే. పైగా ఇప్పుడు రెండు చోట్ల చెమర్చడం మొదలైంది. గార మూసి ఉంచిన సూదిబెజ్జాలు బయటపడ్డాయి. పాత రేడియేటర్‌ను ఇలా కడిగేవాళ్లు దీనికి సిద్ధపడే కడగాలి.

ఇప్పటిదాకా ఖర్చు: నిమ్మ ఉప్పు 190, సోడా 50 కలిపి రూ. 1,800. గంటలు: 20.

నాలుగో దశ: గాలి పరీక్ష, నేను వేసిన మాటు (మార్చి 22 నుంచి 29)

మెడలకు రబ్బరు బిరడాలు కొట్టి, ఒక బిరడాకు సైకిల్ ట్యూబు వాల్వు అమర్చాను. రేడియేటర్‌ను నీళ్ల తొట్టిలో ముంచి పంపు కొడితే, కారే చోట బుడగలు వస్తాయి. మూత మీద 7 అని ఉంది, చదరపు అంగుళానికి 7 పౌండ్లని అర్థం. పరీక్షకు 10 చాలు. నేను కారు టైర్లకు వాడే కాలి పంపు తొక్కుతూ ముల్లు చూడలేదు. టప్‌మని చప్పుడైంది. అప్పుడు చూస్తే 18. కింది ట్యాంకు అతుకు రెండంగుళాలు విచ్చుకుంది. నిండా బాగున్న చోటును నేనే పగలగొట్టాను. చేతి పంపుతో కొట్టండి, ప్రతి రెండు దెబ్బలకూ ముల్లు చూడండి.

ఇక మాటు. సగం తగరం, సగం సీసం ఉన్న సోల్డర్ కడ్డీ అరకిలో తెచ్చాను. హైడ్రోక్లోరిక్ ఆమ్లంలో జింకు ముక్కలు వేసి, పొంగు పూర్తిగా ఆగేదాకా ఉంచితే అతుకు నీళ్లు తయారవుతాయి. ఆరుబయటే చేయాలి, కళ్లద్దాలు పెట్టుకోవాలి, దగ్గర్లో మంట ఉండకూడదు. సీసం ముట్టుకున్న చేతులతో నోరు తాకకూడదు. ఇంట్లో పసిపిల్లలుంటే ఈ పని ఇంటి దగ్గర పెట్టుకోవద్దు.

మొదటి ప్రయత్నం: 60 వాట్ల కరెంటు సోల్డరింగ్ ఇనుముతో. సోల్డర్ కరిగి, తామరాకు మీద నీటిబొట్టులా గుండ్రమై జారిపోయింది. కారణాలు రెండు. లోహాన్ని తెల్లగా మెరిసేదాకా గీరలేదు. రాగి రేకులు ఆ కాస్త వేడినీ ఎప్పటికప్పుడు పీల్చేసుకున్నాయి.

రెండో ప్రయత్నం: గ్యాసు మంటతో. ఈసారి వేడి చాలింది, చాలా మిగిలింది కూడా. నేను అతికించే చోటు అతుక్కునేలోపు పక్కనున్న పాత మాటు కరిగి ఊడిపోయింది. ఇలాంటి సోల్డర్ 183 డిగ్రీల దగ్గరే మెత్తబడటం మొదలవుతుంది. మంటను ఒక్కచోట నిలిపితే నాలుగు వేళ్ల మేర అంతా ఆ వేడికి చేరుతుంది. చుట్టూ తడిగుడ్డలు కప్పాలని తర్వాత తెలిసింది.

కారే చోట్లు, మొదలుపెట్టినప్పుడు: 2.
పంపు దెబ్బ తర్వాత: 3.
నా మాటు తర్వాత: 5.

ఇప్పటిదాకా ఖర్చు: సోల్డర్ 880, ఆమ్లమూ జింకూ 120, బిరడాలూ వాల్వూ 90. మొత్తం రూ. 2,890. గంటలు: 31.

ఐదో దశ: పై ట్యాంకు తీస్తే (మార్చి 30)

ఇంత జరిగాక మూసి ఉంచి లాభం లేదని, తడిగుడ్డలు కప్పి, అంచు చుట్టూ మంట తిప్పుతూ పై ట్యాంకు ఊడదీశాను. గొట్టాల నోళ్లు కనబడ్డాయి. బల్లపరుపు గొట్టాలు, ఒక్కొక్కటి లోపల 2 మిల్లీమీటర్ల వెడల్పు. టార్చి వేసి సుద్దముక్కతో గుర్తులు పెడుతూ లెక్కపెట్టాను.

వరుసకు 40, మూడు వరుసలు: 120.
సోల్డర్‌తో పూర్తిగా మూసేసినవి: 14.
గారతో, పసుపు ముద్దతో పూడినవి: 31.
కింది వెలుతురు కనిపించినవి: 75.

ఆ 14 ఎక్కడివో చెప్పాలి. గొట్టానికి చిల్లు పడితే చిల్లును వెతికి అతికించడం కష్టం, రేకుల మధ్యకు ఇనుము దూరదు. రెండు చివర్లా నోరు మూసేస్తే కారడం ఆగుతుంది. నిరుడు మూడు చోట్ల మూడుసార్లు జరిగింది ఇదే. ప్రతిసారీ కారడం ఆగింది, బండి ఇంటికొచ్చింది, మేము సంతోషించాం. ఎన్ని గొట్టాలు మూశారని ఒక్కసారి కూడా అడగలేదు. అడగాలని నాకు తెలియదు. మీరు తప్పకుండా అడగండి.

పూడినవాటిని తెరవడానికి, సరుకుల పెట్టెలకు చుట్టే సగం మిల్లీమీటరు మందం ఇనుప పట్టీ తీసుకుని, చివర నున్నగా అరగదీసి గొట్టాల్లోకి దించాను. కొన్నింట్లో గార ఇసుకలా రాలింది. కొన్నింట్లో పట్టీ సగం దాకా వెళ్లి ఆగింది. బలం పెట్టినచోట ఇత్తడి చిరిగింది. 31లో తెరుచుకున్నవి 19, వాటిలో చిరిగినవి 4.

10 లీటర్లకు: 34 సెకన్లు. (చిరిగిన నాలుగింటినీ బంకమట్టితో మూసి కొలిచింది.)

చిరిగిన ఒక గొట్టాన్ని కత్తిరించి పొడవునా విప్పి చూశాను. పక్కా ఇత్తడి రంగు ఉండాల్సిన గోడ చాలా చోట్ల గులాబీ రంగుకు తిరిగింది. ఇత్తడిలోంచి జింకు పోయి రాగి మాత్రమే మిగిలితే వచ్చే రంగది. గోటితో నొక్కితే పొడి రాలింది. ఇలాంటి గోడకు ఎన్ని మాట్లు వేసినా పక్కన మరోచోట చిల్లు పడుతుంది. కోరు మార్చాలని అప్పుడు తీర్మానించుకున్నాను.

ఖర్చు: ఏమీ లేదు. గంటలు: 37.

ఆరో దశ: ఆటోనగర్‌లో కొత్త కోరు (ఏప్రిల్ 4, 5)

ప్లాస్టిక్ ట్యాంకులతో వచ్చే అల్యూమినియం రేడియేటర్ తేలిక, ధర కూడా తక్కువ. కానీ ఈ బండికి బ్రాకెట్లూ మెడలూ మార్చాలి, పైగా చెడితే అతికించే దారి లేదు. పాత ఇత్తడి ట్యాంకులు ఉంచి, మధ్యలో కొత్త రాగి కోరు వేయించడమే మేలనిపించింది. ఆటోనగర్ మా ఇంటికి దగ్గరే. లారీ రేడియేటర్లు చేసే ఒక పెద్ద మేస్త్రి గారి దగ్గరికి ఆటోలో తీసుకెళ్లాను.

ఆయన ముందుగా నా మాట్లు చూశారు. ఏమీ అనలేదు. తర్వాత మూసిన గొట్టాలను వేలితో లెక్కపెట్టి, "ఒకటి మూస్తే తెలియదు బాబూ. పది మూస్తే మే నెలలో తెలుస్తుంది" అన్నారు.

నాలుగు వరుసల కోరు వేస్తానన్నారు. నాకూ ఆశ పుట్టింది. కానీ రేడియేటర్ దింపకముందే ఫ్యానుకూ కోరుకూ మధ్య చోటు కొలిచి పెట్టుకున్నాను. కోరు మీద మైదా ముద్ద అంటించి, ఫ్యాను రెక్కను చేత్తో దాని మీదుగా తిప్పి, మిగిలిన మందం కొలిస్తే 24 మిల్లీమీటర్లు. నాలుగో వరుసకు 15 పోతే మిగిలేది 9. ఈ ఇంజన్ రబ్బరు దిమ్మెల మీద ఊగుతుంది, బ్రేకు గట్టిగా వేస్తే ముందుకు వస్తుంది కూడా. కాగితం మీది లెక్క చూపిస్తే ఆయన ఒప్పుకున్నారు. మూడు వరుసలే వేశారు. రేకులు అంగుళానికి 10 చొప్పున. ఇంకా దగ్గరగా ఉంటే వరిపొట్టూ దుమ్మూ ఇరుక్కుంటే ఊడ్చడం కష్టమన్నారు.

రెండు రోజులూ పక్కన కూర్చుని చూశాను. ఆయన మంట ఒక్క క్షణం కూడా ఆగదు. అంచు వెంట వెళ్తుంది, వెనక్కి వస్తుంది. సోల్డర్ కడ్డీని మంటకు తాకించరు, వేడెక్కిన ఇత్తడికి తాకిస్తారు. లోహమే దాన్ని కరిగించి లోపలికి పీల్చుకుంటుంది. వెండి దారంలా అంచంతా పాకింది. నేను ఎనిమిది గంటల్లో చేయలేనిది అదే. తొట్టిలో ముంచి గాలి పెట్టాక, ఆవగింజంత బుడగ ఒకటి మూలన పుట్టి అక్కడే నిలిచింది. నాకు కనబడలేదు. ఆయన తడి వేలితో దాన్ని తుడిచి, మళ్లీ పుట్టేదాకా ఊపిరి బిగపట్టినట్టు చూసి, "ఉంది" అని మళ్లీ మంట అందుకున్నారు.

10 లీటర్లకు: 17 సెకన్లు.
కారే చోట్లు: 0.

ఇప్పటిదాకా ఖర్చు: కోరూ కూలీ 7,800, పాత రాగికి తగ్గించింది 1,500, ఆటో 220. మొత్తం రూ. 9,410. గంటలు: 37, ఆయన దగ్గర కూర్చున్నవి కాక.

ఏడో దశ: బ్లాకు, థర్మోస్టాట్, మూత (ఏప్రిల్ 12)

రేడియేటర్ బయట ఉండగానే ఇంజన్ బ్లాకును కడగాలి. కొత్త కోరు బిగించాక కడిగితే ఆ బురదంతా కొత్త గొట్టాల్లోకే పోతుంది. ఇంజన్ పై మెడ నుంచి తోట పైపుతో నీరు వదిలి, బ్లాకు కుళాయి పూర్తిగా విప్పి, ఆ బెజ్జంలో తీగతో కదిపాను. గంటన్నరకు నీరు తేటపడింది.

థర్మోస్టాట్ డబ్బా విప్పితే లోపల ఖాళీ. ఎప్పుడో ఎవరో తీసేశారు. మన వేడికి అది అక్కర్లేదని చాలామంది తీయించేస్తారు. అది లేకపోతే ఇంజన్ కాగడానికే చాలాసేపు పడుతుంది. చలికాలం పొద్దున్నే మా బండి వీధంతా తెల్లపొగ కమ్మడానికి అదీ ఒక కారణం. సరిగ్గా పనిచేసే థర్మోస్టాట్ వేడెక్కాక పూర్తిగా తెరుచుకుంటుంది, మరగడానికి కారణం కాదు. కొత్తది బిగించే ముందు గిన్నెలో నీళ్లు పోసి, దారంతో వేలాడదీసి పొయ్యి మీద పెట్టాను. అడుగుకు తగలకూడదు. 83 డిగ్రీల దగ్గర తెరుచుకోవడం మొదలై, 95కు 8 మిల్లీమీటర్లు తెరుచుకుంది.

పాత మూత స్ప్రింగు వేలితో నొక్కితేనే దిగిపోతోంది. 7 పౌండ్లదే కొత్తది వేశాను. ఎక్కువ ఒత్తిడి మూత పెడితే మరగడం తగ్గుతుందని 13 పౌండ్లది ఇవ్వబోయారు. ఇంత పాత ట్యాంకు అతుకులకు అది ఎంత భారమో కాలి పంపు నాకు చూపించింది.

ఇప్పటిదాకా ఖర్చు: థర్మోస్టాట్ 380, గ్యాస్కెట్ 40, పై హోస్ 260, క్లాంపులు 160, మూత 150. మొత్తం రూ. 10,400. గంటలు: 43.

ఎనిమిదో దశ: నింపడం (ఏప్రిల్ 13)

1. కూలెంట్ డబ్బా మీద రాగి, ఇత్తడి, సోల్డర్ ఉన్న రేడియేటర్లకు పనికొస్తుందని ఉందో లేదో చూడాలి.
2. మనకు నీరు గడ్డకట్టే బాధ లేదు. సగానికి సగం కలపనక్కర్లేదు. వేడిని మోయడంలో నీరే మెరుగు, కూలెంట్ తుప్పును ఆపడానికీ మరిగే హద్దును కాస్త పెంచడానికీ. ఒక పాలు కూలెంట్, రెండు పాళ్లు డిస్టిల్డ్ వాటర్ కలిపాను.
3. నెమ్మదిగా పోయాలి.

5.9 లీటర్లకే మెడ దాకా నిండింది. నిండిందనుకుని ఇంజన్ నడిపితే పది నిమిషాల్లో ముల్లు లేచింది, పై హోస్ మాత్రం చల్లగానే ఉంది. థర్మోస్టాట్ కింద గాలి చిక్కుకుంది. చుట్టూ గాలే తప్ప నీరు లేక థర్మోస్టాట్‌కు వేడి తగలలేదు, అది తెరుచుకోలేదు. మళ్లీ విప్పి, థర్మోస్టాట్ అంచులో 3 మిల్లీమీటర్ల బెజ్జం ఒకటి వేసి, ఆ బెజ్జం పైవైపు ఉండేలా బిగించాను. ఈసారి 7.6 లీటర్లు పట్టింది.

వంపేసిన కూలెంట్‌ను వీధిలోనో కాలవలోనో పోయవద్దు. అది విషం, రుచికి తియ్యగా ఉంటుంది కాబట్టి కుక్కలు నాకుతాయి. మూత ఉన్న డబ్బాలో పట్టి, పిల్లలకు అందకుండా దాచాను.

ఇప్పటిదాకా ఖర్చు: కూలెంట్ 960, నీరు 150. మొత్తం రూ. 11,510. గంటలు: 48.

తొమ్మిదో దశ: రోడ్డు మీద (ఏప్రిల్ 19 నుంచి 27)

బెంజి సర్కిల్ దగ్గర సాయంత్రం రద్దీలో అరగంట. నీడలో 38. పై ట్యాంకు 90, కింది ట్యాంకు 79. ముల్లు కదల్లేదు. పని అయిపోయిందని ఇంట్లో చెప్పాను.

మర్నాడు గుంటూరు వైపు వెళ్లాను. వారధి దాటి, మంగళగిరి దాటి 70 వేగంతో పోతుంటే కాజ టోల్‌గేటు రాకముందే ముల్లు లేవడం మొదలైంది. పక్కకు ఆపి ఇంజన్ ఆపకుండా ఉంచితే రెండు నిమిషాల్లో దిగింది. మళ్లీ 70, మళ్లీ లేచింది. 45 దగ్గర పోతే దిగింది.

వెనక్కి తిరిగి వస్తూ దీని గురించే ఆలోచించాను. రద్దీలో కాగితే గాలి చాలడం లేదని అర్థం: ఫ్యాను, బెల్టు, రేకులు చూడాలి. రహదారి మీద గాలి ఎలాగూ దండిగా తగులుతుంది, అక్కడ కాగితే నీరు చాలడం లేదు. కోరు కొత్తది, థర్మోస్టాట్ కొత్తది, మరి నీరు ఎక్కడ ఆగుతోంది?

ఇంటి దగ్గర బానెట్ ఎత్తి, మా అబ్బాయిని యాక్సిలరేటర్ తొక్కమన్నాను. ఇంజన్ వేగం పెరిగేకొద్దీ కింది హోస్ నడుము దగ్గర లోపలికి పోయింది. కొబ్బరినీళ్ల స్ట్రా కొస మూసి పీలిస్తే రెండు గోడలూ కలిసిపోతాయే, అచ్చం అలాగే. కాలు తీస్తే మళ్లీ ఉబ్బి మామూలుగా అయింది. కింది హోస్ పంపు పీల్చే వైపు ఉంటుంది. రబ్బరు మెత్తబడితే వేగంలో అది మూసుకుపోతుంది. మార్చి 15న మెత్తగా ఉందని మెచ్చుకుని దాచింది ఇదే. మెత్తదనమే దాని జబ్బు. లోపల ఉండాల్సిన తీగచుట్ట తుప్పుపట్టి ఎప్పుడో పోయింది.

తీగచుట్ట ఉన్న కొత్త హోస్ వేశాను. బెల్టు కూడా పగుళ్లిచ్చింది కాబట్టి మార్చి, బొటనవేలితో నొక్కితే 12 మిల్లీమీటర్లు దిగేలా బిగించాను. ఏప్రిల్ 27న గుంటూరు వెళ్లి వచ్చాను. 70 దగ్గర పై ట్యాంకు 86.

ఇప్పటిదాకా ఖర్చు: హోస్ 350, బెల్టు 280. మొత్తం రూ. 12,140. గంటలు: 56.

పదో దశ: రోహిణి కార్తె (మే 28)

రోళ్లు పగిలే కార్తె వచ్చేదాకా చివరి కొలత వాయిదా వేశాను. మధ్యాహ్నం ఒంటిగంటకు, నీడలో 44 డిగ్రీలప్పుడు, నలుగురిని ఎక్కించుకుని కొండపల్లి ఖిల్లా ఘాట్ రోడ్డు ఎక్కాం. రెండో గేరు, నెమ్మదైన వేగం, గాలి లేదు. ఇంతకంటే కఠినమైన పరీక్ష దగ్గర్లో నాకు దొరకలేదు.

పైకి చేరగానే, ఇంజన్ ఆపకుండా:
పై ట్యాంకు: 96.
కింది ట్యాంకు: 84.
కోరు మీద తొమ్మిది చోట్ల: 88, 89, 91, 91, 92, 91, 90, 90, 88.

మార్చిలో ఇదే వరుసలో 46 నుంచి 88 దాకా ఉన్న అంకెలివి. కాగితం మీద రెండు వరుసలనూ ఒకదాని కింద ఒకటి రాసి చాలాసేపు చూశాను.

దిగివచ్చి ఇంటి దగ్గర రెండు గంటలు చల్లారనిచ్చి మూత తీశాను. నీటి మట్టం పొద్దున మెడలో సుద్దతో గీసిన గీత దగ్గరే ఉంది. విరిగిన బోల్టు బదులు వేసిన బోల్టుకు రబ్బరు వాషర్ ఇంకా దొరకలేదు. సైకిల్ ట్యూబు ముక్క కోసి పెట్టి బిగించాను.